అల్లుడి కాటా, మనవరాలి బరువు

మా చిన్నమ్మాయి కాన్పుకి వాళ్ళమ్మ వెళ్ళాలి. ఆ సంగతి నాలుగు నెలల ముందే ఖాయమైంది. మా ఆవిడ సంచి సర్దుకుంది. కళ్ళజోడుకి కొత్త తాడు కట్టుకుంది. తను లేనప్పుడు ఏ గిన్నె నేను ముట్టుకోవచ్చో, ఏది ముట్టుకోకూడదో రెండుసార్లు అప్పజెప్పించుకుంది. తీరా బయలుదేరే ముందురోజు, మెట్లమీద పడుకున్న పిల్లిని తొక్కకుండా తప్పించబోయి తను పడి కాలు విరగ్గొట్టుకుంది. పిల్లి మాత్రం ఒళ్ళు విరుచుకుని లేచి వెళ్ళిపోయింది. మా ఆవిణ్ణి పెద్దమ్మాయి తనింటికి తీసుకుపోయింది. అమ్మమ్మ చెయ్యవలసిన పనికి తాతయ్య బయలుదేరాడు.

నేను నలభై ఏళ్ళు బావులు తవ్వినవాణ్ణి. ఒక బావి ఎంత లోతంటే, పొద్దున పైనుంచి దింపిన టీ సగం దూరం వచ్చేసరికి చల్లారిపోయేది, ఇంకా కిందికొచ్చేసరికి భూమి వేడికి మళ్ళీ కాగేది. అనుమానముంటే ఆ బావిలో నాతో పనిచేసినవాళ్ళని అడగండి. వాళ్ళెవరూ ఇప్పుడు లేరనుకోండి, అది వేరే విషయం. చెప్పొచ్చేదేమిటంటే, నాకు మన్ను తెలుసు, రాయి తెలుసు, ఊట తెలుసు. పసిపిల్లల సంగతి మాత్రం తెలీదు. నా ఇద్దరు కూతుళ్ళూ నేను బావిలో ఉండగానే పెరిగారు. సాయంత్రం పైకి వచ్చి చూసేసరికి జానెడు పొడుగై ఉండేవారు.

"మీరా? మీరు పసిపిల్లనెత్తుకుంటారా?" అంది మా ఆవిడ ఫోన్లో.

"ఎత్తుకుంటే ఏమవుతుందే?"

"తట్టలో మట్టెత్తినట్టు ఎత్తుతారేమోనని. రెండు కిలోల పిండి సంచీ ఒకటి కొనండి. రోజూ దాన్ని గుడ్డలో చుట్టడం నేర్చుకోండి. మెడ దగ్గర చెయ్యి వెయ్యాలి, మర్చిపోకండి."

"పిండి సంచీకి మెడెక్కడుంటుంది?"

"ఉందనుకోండి!"

ఉందనుకున్నాను. వారం రోజులు పిండి సంచీని ఎత్తుకుని గదంతా తిరిగాను. ఒకసారి చేజారి పగిలింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, తెల్లారకముందే లేచి ఊడ్చేశాను.

నా అల్లుడిది కాటాలు బాగుచేసే పని. ముందుగదే దుకాణం. బజారులో తూకాలు, పార్సిల్ ఆఫీసులో పెద్ద కాటాలు, ఏది తేడా వచ్చినా అతని దగ్గరికే వస్తాయి. అతని పద్ధతి ఒకటే. కాటా విప్పి తుడుస్తాడు. ముల్లు సున్నాకి తెస్తాడు. మఖమల్ పెట్టెలోంచి ఇత్తడి తూకం రాళ్ళు తీస్తాడు. వాటిని ఉత్త చేత్తో పట్టుకోడు, చేతి చెమటకి బరువు మారుతుందట! అన్నీ సరిపోయాక, సున్నాని సరిచేసే మర మీద సీసం బిళ్ళ పెట్టి తన ముద్ర కొడతాడు. ఇక సంవత్సరం దాకా ఆ కాటాని అతను అనుమానించడు, ఇంకెవర్నీ అనుమానించనివ్వడు. నన్ను మాత్రం మొదటిరోజు నుంచీ అనుమానించాడు.

బిడ్డ వస్తోందని అతను చేసిన ఏర్పాట్లు చూసి నాకు మతిపోయింది. ఉయ్యాల తాళ్ళు గట్టివో కావోనని అందులో నలభై కిలోల ఇనుపరాళ్ళు పెట్టి ఒక పూటంతా ఊపాడు.

"పుట్టబోయేది ఏనుగుపిల్లా అల్లుడూ?"

"పది రెట్లు బరువుకి తట్టుకోవాలి మావయ్యా. అది లెక్క."

"మరి నన్నెప్పుడు పరీక్ష చేస్తావు?"

"మీకు ముద్ర వెయ్యలేనులెండి" అన్నాడు నవ్వకుండా.

మా అమ్మాయి బస్టాండులో మైకులో చెప్పే మనిషి. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో, ఏది ఎంత ఆలస్యమో ఊరంతా దాని గొంతులోనే వింటుంది. నాలుగో నంబరు బస్సు లేటని చెప్పినప్పుడల్లా కడుపులో బిడ్డ కాళ్ళు విదిలించేదని నేను వీధిలో అందరికీ చెప్పాను. కొందరు నమ్మారు కూడా. అమ్మాయి కూడా తన పద్ధతిలోనే సిద్ధపడింది. వంటింటి తలుపుకి ఒక టైంటేబుల్ అంటించింది: ఆరింటికి పాలు, ఆరున్నరకి నిద్ర, ఎనిమిదింటికి మళ్ళీ పాలు, తొమ్మిదింటికి స్నానం.

పాప పుట్టింది. మూడు కిలోల రెండు వందల గ్రాములు. నాలుగోరోజు ఇంటికొచ్చింది. ఆ టైంటేబుల్లో ఒక్క గడి కూడా అది పాటించలేదు. ఆరింటికి నిద్రపోయింది, ఆరున్నరకి ఏడ్చింది, ఏడింటికి నావైపు చూసి తుమ్మింది. తుమ్ముకి ఏం చెయ్యాలో టైంటేబుల్లో రాసి లేదు. మేం ముగ్గురం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం.

"ఆకలేమో" అన్నాను.

"ఇప్పుడే తాగింది నాన్నా."

"నిద్రేమో" అన్నాడు అల్లుడు.

"ఇప్పుడే లేచింది కదండీ!"

"పోనీ మీ అమ్మకి ఫోన్ చేస్తా" అన్నాను.

మా ఆవిడ ఒకటి చెప్పింది. పక్కనే ఉన్న పెద్దమ్మాయి ఇంకొకటి చెప్పింది. ఫోన్లో వాళ్ళిద్దరూ వాదించుకుంటూ ఉండగా ఇక్కడ పాప తనంతట తనే ఊరుకుంది. ఎవరి మాట వల్ల ఊరుకుందో తెలీక, ఆ తర్వాత ఎవరి మాట వినాలో కూడా మాకు తెలీకుండా పోయింది.

ఇలా అన్నీ అయోమయంగా ఉన్న ఇంట్లోకి అల్లుడు ఒక కాటా తెచ్చిపెట్టాడు. పసిపిల్లల్ని తూచే గుండ్రటి మొహం కాటా. పైన తొట్టిలాంటి పళ్ళెం, ముందు గడియారానికున్నట్టు పెద్ద ముల్లు. ఎక్కడో మూలపడి ఉంటే కొని, విప్పి, మెరిసేలా బాగుచేశాడు. దాన్ని చూడగానే మా అమ్మాయి మొహం కూడా వెలిగింది. పుట్టిన రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకి రావాలని ఆస్పత్రి నర్సమ్మ చెప్పి పంపింది. రాకపోతే చేర్చుకుని డబ్బాపాలు మొదలుపెడతామంది. అంచేత ఇంట్లోనే రోజూ చూసుకోవచ్చు కదా అని ఇద్దరి ఆలోచన.

"రేకు చల్లగా ఉంటుందండీ, ఏమైనా పరచండి" అంది అమ్మాయి.

నేను వెళ్ళి మందపాటి దూదిబొంత తెచ్చి పళ్ళెంలో పరిచాను. బొంత వేసేసరికి ముల్లు సున్నా దాటి ముందుకెళ్ళింది. అల్లుడు మర తిప్పి బొంతతో సహా ముల్లుని సున్నాకి తెచ్చాడు. తర్వాత తన అలవాటు ప్రకారం సీసం బిళ్ళ పెట్టి ముద్ర కొట్టేశాడు.

"ఇంట్లో వాడుకునే దానికి కూడా ముద్రెందుకయ్యా?"

"ముద్ర లేకపోతే అది కాటా ఎలా అవుతుంది మావయ్యా?" అని నన్నే ఎదురు ప్రశ్న వేశాడు.

ఆ రోజు పాప సరిగ్గా మూడు కిలోలు తూగింది. మొదటి రోజుల్లో కాస్త తగ్గడం మామూలేనని నర్సమ్మ ముందే చెప్పింది కాబట్టి ఎవరం కంగారుపడలేదు.

మర్నాటి నుంచి వాన పట్టుకుంది. మామూలు వాన కాదు. కప్పలు గొడుగులు అడిగేంత వాన. రోజూ పొద్దున తొమ్మిదింటికి తూకం. పళ్ళెంలో గుడ్డ పరిచి పాపని పడుకోబెట్టడం నా పని. వంగి, భూతద్దం పెట్టి ముల్లు చూసి చెప్పడం అల్లుడి పని. చెప్పింది తలుపు మీది కాగితంలో రాయడం అమ్మాయి పని.

"రెండు కిలోల తొమ్మిది వందల ఎనభై."

"తగ్గిందా?" అంది అమ్మాయి.

"ఇరవై గ్రాములే."

ఆ మర్నాడు ఇంకాస్త తగ్గింది. ఆ తర్వాత ఇంకాస్త. పళ్ళెంలోకి వెళ్ళిన ప్రతిసారీ పాప కింద గుడ్డని తడిపేది. నేను ఉతికేవాణ్ణి. వానకి ఏదీ ఆరేది కాదు. ఇంట్లో దండేల మీద, కుర్చీల మీద, చివరికి అల్లుడి పెద్ద కాటాల మీద కూడా బొంతలూ గుడ్డలూ వేలాడుతూ ఉండేవి. పొడిగా ఉన్నది ఏది దొరికితే అది మడతపెట్టి పాప కింద వేసేవాణ్ణి. మందం బొంత పోయి సన్న బొంత వచ్చింది. సన్న బొంత పోయి తువ్వాలు వచ్చింది. నా పనితనానికి నేనే మెచ్చుకునేవాణ్ణి కూడా. నలభై ఏళ్ళు బావుల్లో తడిసినవాడికి పొడిగుడ్డ వెతకడమే గొప్ప విద్య అయిపోయింది మరి!

పదోరోజుకి ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. అమ్మాయి గంటకోసారి పాలిచ్చేది. ఇచ్చాక పాపని భుజాన వేసుకుని, తలుపు దగ్గర నిలబడి, ఆ కాగితం వంకే చూసేది. ఊరందరికీ ఏ బస్సెక్కడో తడుముకోకుండా చెప్పే మనిషి, నేను టీ కావాలా అంటే ఏం చెప్పాలో తెలీక నిలబడిపోయేది.

"నాన్నా, నిజం చెప్పు. పాప చిక్కినట్టు కనిపిస్తోందా నీకు?"

నేను పాపని చూశాను. బుగ్గలు బూరెల్లా ఉన్నట్టే అనిపించాయి. గడ్డం కింద రెండో గడ్డం కూడా మొలుస్తున్నట్టుంది. కానీ ముల్లు తగ్గిందంటోంది. ముల్లు చదివిందేమో చదువుకున్న మనిషి, ముద్ర వేసే మనిషి. నేను బావులవాణ్ణి. నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది.

"ఏమో తల్లీ. పసిపిల్లలు ఒకరోజు ఒకలా కనిపిస్తారు" అన్నాను.

"నువ్వెప్పుడైనా పసిపిల్లల్ని చూశావా?"

"పిండి సంచీని చూశాను."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "నా దగ్గర పాలు లేవు నాన్నా. ఉన్నాయనుకుంటున్నా, అది మింగుతున్నట్టు చప్పుడు కూడా వినిపిస్తోంది. కానీ లేవు. ఎక్కడికి పోతున్నాయో తెలీట్లేదు" అంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు దానికి. నా తువ్వాలుతో నేనే తుడిచాను.

అల్లుడు ఇంకో రకం. పైకి ఏడవడు. డబ్బాపాలు తెచ్చి అలమరలో పెట్టాడు. పెట్టి అలమర తలుపు మూశాడు. మళ్ళీ తెరిచి డబ్బాని వెనక్కి జరిపి, దానిముందు గ్లాసులు పెట్టాడు. అమ్మాయి కంటపడకూడదని కాబోలు. మంచినీళ్ళ కోసం గ్లాసు తీసిన మొదటిసారే అది ఆ డబ్బాని చూసేసింది. చూసి, గ్లాసు కడిగి, మళ్ళీ అక్కడే పెట్టేసింది.

పద్నాలుగోరోజు రెండు కిలోల ఎనిమిది వందల డెబ్భై. అల్లుడు ఆస్పత్రికి ఫోన్ చేస్తే వేరే నర్సు తీసింది. "రోజూ తగ్గుతోందా? రేపు పొద్దున తీసుకురండి. రెండు రోజులు ఉండేలా రండి. డబ్బాపాలు పడితే తప్పేం లేదని ఆ తల్లికి చెప్పు, ఏడవొద్దను" అందావిడ. అల్లుడు ఆ మాట అమ్మాయికి చెప్పాడు. అది తల ఊపింది. ఆ పూటంతా సంచీ సర్దింది. బట్టలు, పాప టోపీలు, ఆఖరికి పొయ్యి దగ్గర కట్టిన తీగ మీద ఆరిన ఆ మందపాటి బొంత కూడా పెట్టింది, ఆస్పత్రిలో చలిగా ఉంటుందని.

మర్నాడు ఆస్పత్రికి ముగ్గురం గొడుగుల కింద వెళ్ళాం. మా ఇంటికి నాలుగు వీధుల దూరం. వరసలో మా ముందు ఆరుగురు తల్లులున్నారు. మా వంతు రాగానే నర్సమ్మ పాపని విప్పి, పళ్ళెంలో పడుకోబెట్టి చూసింది. ఆవిడది అంకెలు వెలిగే కాటా.

"మూడు కిలోల రెండు వందల డెబ్భై. భేషుగ్గా ఉంది. ఎవరమ్మా తగ్గిందన్నది?"

మేం ముగ్గురం వంగి ఆ అంకెలు చూశాం.

"సంచీ ఏంటి? ఊరెళ్తున్నారా?" అంది నర్సమ్మ.

"చేర్చుకుంటారని..." అని ఆగిపోయింది అమ్మాయి.

"దీన్ని చేర్చుకుంటే నా మంచాలు విరుగుతాయి. పుట్టిన బరువు దాటేసింది. తీసుకెళ్ళండి."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "మీ కాటా తప్పండీ."

వరసలో తల్లులంతా ఇటు తిరిగారు.

"ఏంటీ?"

"నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపిస్తోంది."

"ఎవరయ్యా నువ్వు?"

"పాప నాన్నని."

"అది మొహం చూస్తేనే తెలుస్తోంది. కాటా సంగతి నీకేం తెలుసు?"

"నా పని అదేనండీ. కాటాలు." అంటూనే చొక్కా జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాడు. పెళ్ళి ఫోటోలో కూడా అది అతని జేబులో ఉంది, నేను చూశాను.

"ఆ కాటా మీద చెయ్యేస్తే, చెయ్యి ఇక్కడే వదిలి వెళ్తావు" అంది నర్సమ్మ.

"పోనీ నా కాటా తెస్తాను. నా రాళ్ళు తెస్తాను. రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. పావుగంట!" అని, గొడుగు కూడా తీసుకోకుండా వానలోకి పరిగెత్తాడు.

నర్సమ్మ తరవాతి బిడ్డని తూచుకుంటూ, "వీడెవడమ్మా, బిడ్డ బాగుందంటే దెబ్బలాడతాడు!" అంది.

అమ్మాయి బల్ల మీద కూర్చుంది. పాప ఒళ్ళో ఉంది. సంతోషపడాలో భయపడాలో దానికి తెలీట్లేదని చూస్తేనే అర్థమవుతోంది.

"నాన్నా, ఇక్కడిది నిజమైతే పాపకేం కాలేదు. ఆయనది నిజమైతే పాప చిక్కిపోతోంది. నేను ఇదే నిజం కావాలనుకోవాలి కదా?"

"అనుకో మరి."

"ఇదే నిజమైతే ఆయన ముద్ర తప్పన్నమాట. పదేళ్ళుగా ఆ ముద్ర చూసే ఊరంతా తూకం నమ్ముతోంది. ఇది తెలిస్తే ఆయన తట్టుకోగలరా? అలాగని పాప తగ్గాలని కోరుకుంటానా? అసలు నేనేం కోరుకుంటున్నానో నాకే తెలీట్లేదు."

నాకూ తెలీలేదు. ఏదైనా కథ చెప్పి మాట మారుద్దామని చూశాను. ఒక్కటీ నోటికి రాలేదు. నా జన్మలో మొదటిసారి.

అంతలో నర్సమ్మ వచ్చి, పాపని చుట్టి తెచ్చిన గుడ్డ నా చేతికిచ్చింది. "తాతగారూ, ఇంత పల్చటిది వేస్తున్నారేం? ఇంట్లో తూచేటప్పుడు కింద వేసేది కూడా ఇదేనా?"

"ఈ మధ్య ఇదేనండీ. మొదట్లో మంచి బొంత వేసేవాణ్ణి. వానకి ఆరక..."

బావిలో ఉండగా పైనుంచి రాయి పడితే, అది తగలకముందే ఒంటికి తెలుస్తుంది. అలా తెలిసింది. అల్లుడు బొంతతో కలిపి సున్నా చేశాడు. ముద్ర కొట్టేశాడు. ఆ తర్వాత నేను రోజూ బొంతని పల్చన చేసుకుంటూ వచ్చాను. ఎంత బొంత తగ్గిందో, అంత పాప తగ్గినట్టు ముల్లు చూపిస్తూ వచ్చింది.

"అమ్మాయ్, తప్పు నాది" అన్నాను.

"ఏం తప్పు?"

"పాప తగ్గలేదు. గుడ్డ తగ్గింది."

"నాన్నా, ఇప్పుడు కథలొద్దు, నీకు పుణ్యముంటుంది."

"కథ కాదే, నిజం!"

"నిజం అన్నావంటే అది కథే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాగా. ఆయన మాట పడకుండా నీ మీద వేసుకుంటున్నావు."

ఏం చెప్పను? డెబ్భై ఏళ్ళు బంగారంలాంటి అబద్ధాలు చెప్పి నమ్మించినవాణ్ణి, ఒక్క నిజం చెప్పబోతే నా కూతురే నమ్మలేదు.

అల్లుడు వచ్చాడు. ఒంటి మీది రెయిన్‌కోటు కాటాకి తొడిగి, తను నిలువునా తడిసి వచ్చాడు. చంకలో మఖమల్ పెట్టె. కాటాని ఆస్పత్రి కాటా పక్కనే పెట్టాడు. ఖాళీ కాటా ముల్లు సున్నా మీదే నిలబడి ఉంది. తల్లులంతా బిడ్డల్ని చంకలో వేసుకుని చుట్టూ మూగారు. నర్సమ్మ కూడా నడుం మీద చేతులేసుకుని నిలబడింది. అల్లుడు చేతికి గుడ్డ చుట్టుకుని రెండు కిలోల రాయి తీశాడు. ముందు ఆస్పత్రి కాటా మీద పెట్టాడు. రెండు కిలోలు. ఒక్క గ్రాము తేడా లేదు. కనుబొమలు ముడిచాడు. నా చేతిలోని పల్చటి గుడ్డ తీసుకుని తన కాటా పళ్ళెంలో పరిచి, రాయి దాని మీద పెట్టాడు.

ఒక కిలో ఆరు వందలు.

తీశాడు. మళ్ళీ పెట్టాడు. అంతే. వంగి ముద్ర చూశాడు. వేలితో తడిమాడు.

"ముద్ర ఉంది" అన్నాడు. "ముద్ర చెదరలేదు. ఇలా... ఇలా ఎందుకు చూపిస్తోంది?"

నేను కాటా దగ్గరికి జరిగాను. "అల్లుడూ, నేను చెప్తా విను. నువ్వు బొంతతో కలిపి సున్నా పెట్టావు. నేను బొంత మార్చేశాను. రోజుకో పల్చటిది వేశాను."

"బొంత మారిస్తే ఖాళీ కాటాలో ముల్లు సున్నా కిందికి పోవాలి కదా మావయ్యా! సున్నా దగ్గరే ఉందిగా! నన్ను ఓదార్చకండి."

"కిందికెలా పోతుందయ్యా, సున్నా దగ్గర మేకు అడ్డం ఉంటేనూ!" అన్నాను. ముల్లు వెనక్కి తిరిగిపోకుండా సున్నా పక్కన ఆవగింజంత మేకు ఉంది. ముల్లు దానికి ఆనుకుని నిలబడుతోంది. ఖాళీగా ఉన్నప్పుడు ఎవరు చూసినా సున్నా అనే అనుకుంటారు.

అల్లుడు నమ్మలేదు. నర్సమ్మ కూడా నన్ను పైకీ కిందికీ చూసింది. అప్పుడు మా అమ్మాయి లేచింది. పాపని నా చేతుల్లో పెట్టి, మెడ కింద నా చెయ్యి సరిగ్గా పెట్టి, సంచీ విప్పింది. టోపీలూ బట్టలూ బల్ల మీద పడేసి అడుగునున్న మందపాటి బొంత లాగింది. పళ్ళెంలో గుడ్డ తీసేసి బొంత పరిచింది. రెండు కిలోల రాయిని ఉత్త చేత్తో పట్టుకుంది. "చెయ్యి, చెయ్యి!" అన్నాడు అల్లుడు. అది వినిపించుకోలేదు. రాయిని బొంత మీద పెట్టింది.

ముల్లు వెళ్ళి రెండు మీద ఆగింది.

నర్సమ్మ వంగి ముల్లు చూసింది. వరసలో ఒక బిడ్డ ఎక్కిళ్ళు పెడుతోంది.

"అంటే ఇన్ని రోజులూ ఇది పెరుగుతూనే ఉందా?" అంది అమ్మాయి.

"ఊఁ" అన్నాడు అల్లుడు.

"నా పాలు సరిపోతూనే ఉన్నాయా?"

"ఊఁ."

"రోజూ పొద్దున తొమ్మిదింటికి మీరు చదివారు, నేను రాశాను. రోజూ. ఇది నా ఒళ్ళోనే పెరుగుతుంటే, తగ్గిందని నా చేత్తో రాసుకున్నాను." గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. "మీరు ముల్లు చూశారు. నాన్న గుడ్డలు చూశాడు. నేను కాగితం చూశాను. దీన్నెవరు చూశారు?"

నాకు బుగ్గలు కనిపించాయని చెబుదామనుకున్నాను. కనిపించినా ఆ రోజు చెప్పలేదు కదా, ఇప్పుడు చెప్పి ఏం లాభం?

అల్లుడు జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి తన ముద్రని తనే ఊడబెరికాడు. సీసం బిళ్ళ నేలమీద పడి బల్ల కిందికి దొర్లింది. వంగి వెతకబోయాడు.

"వదిలెయ్యండి. మీరిద్దరూ కాసేపు అవతలికెళ్ళండి. నేను పాలివ్వాలి" అంది అమ్మాయి.

నర్సమ్మ తెర లాగింది. మేమిద్దరం వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాం, బడిలో శిక్షపడ్డ వాళ్ళలా. అతని బట్టల్లోంచి నీళ్ళు కారుతున్నాయి.

"మావయ్యా, మీరు చెప్పినా నేను నమ్మలేదు" అన్నాడు.

"నా మాట ఎవరు నమ్ముతారులే."

"ఆ టీ మాట... బావిలో మళ్ళీ కాగేదన్నారే. అది నిజమేనా?"

"అది నిజమే" అన్నాను.

పక్కకి చూస్తే, నవ్వాలో ఏడవాలో తెలీక అతను మొహం తుడుచుకుంటున్నాడు. భుజం మీద చెయ్యి వేశాను. చెమ్మ నా చొక్కాకి కూడా అంటింది.

లోపల్నుంచి నర్సమ్మ గొంతు వినిపించింది. "వారానికోసారి తీసుకురా. తూచి కార్డులో రాసిస్తాను."

"రాసుకోండి. అంకె నాకు చెప్పకండి. బాగుంటే బాగుందని చెప్పండి, చాలు" అంది మా అమ్మాయి.

ఇంటికొచ్చాక అంతా సర్దుకుందనుకుంటారేమో! సాయంత్రం పాప గుక్కపట్టి ఏడ్చింది. గంటసేపు. పాలు తాగింది, ఏడ్చింది. గుడ్డ మార్చాం, ఏడ్చింది. ఎత్తుకుని తిరిగితే ఇంకా గట్టిగా ఏడ్చింది. పిండి సంచీ ఎన్నడూ ఇలా చెయ్యలేదు. వేడికని నేనన్నాను, గాలికని అల్లుడన్నాడు. ఫోన్లో మా ఆవిడ కడుపునొప్పంది. పెద్దమ్మాయి కాదంది. అల్లుడు అలవాటుకొద్దీ ముందుగదివైపు రెండడుగులు వేసి, ఏం తేవడానికి వెళ్తున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు.

"ఎందుకేడుస్తోందే?" అని అడిగాడు మా అమ్మాయిని.

అది పాపని భుజం మీదికి ఎగదోసుకుంది. మెడ వంచి, చెంప దాని తలకి ఆనించి, ఆ ఏడుపు చాలాసేపు విన్నది.

"ఏమోనండీ. నాకూ తెలీదు" అంది. అలా అంటూనే వంటింట్లోంచి ముందుగదిలోకీ, ముందుగదిలోంచి వంటింట్లోకీ నడవడం మొదలుపెట్టింది. దాని వెనకాల అతను, అతని వెనకాల నేను.